ఐదో గడి

కొన్నదానికంటే అమ్మింది ఎక్కువని కంప్యూటరు చెప్పింది.

వదిన నమ్మలేదు. నుదుటి మీదున్న కళ్లజోడు ముక్కు మీదికి దించి, మరిది భుజం మీదుగా వంగి, తెర మీద ఎర్రగా మెరుస్తున్న వరసని చదివింది. మొదటి గడి, మొదట్లో ఉన్న నిల్వ. రెండోది కొనుగోలు. మూడోది అమ్మకం. నాలుగోది చివర్లో మిగిలిన నిల్వ. ఐదోది ఖాళీగా ఉంది. మూడేళ్ల లెక్క అది. పంపమని నొక్కితే ఫారం ముందుకు కదలనంటోంది.

"ఎంత తేడా?"

"పద్దెనిమిది వందల అరవై నాలుగు కిలోలు."

"అంటే ఇంచుమించు రెండు టన్నుల గ్యాసు గాల్లోంచి పుట్టించి అమ్మామా?"

"అలాగే ఉంది వదినా. ఆ విద్యేదో నాకూ నేర్పితే ఈ కుర్చీలోంచి లేస్తాను."

"నవ్వింది చాలు. కూడిక మళ్లీ వెయ్యి."

అది ఏసీలూ ఫ్రిజ్‌లూ బాగుచేసేవాళ్లకి గ్యాసు అమ్మే కొట్టు. టన్ను డ్రమ్ముల్లో సరుకు తెచ్చి, వెనక షెడ్డులో పది కిలోల సిలిండర్లలోకి నింపి అమ్ముతారు. మెకానిక్కు ఖాళీ సిలిండరు ఇచ్చి నిండుది పట్టుకుపోతాడు. భర్త వ్యాను మీద పక్క ఊళ్లకి సరుకు వేస్తాడు. మరిది బిల్లులు చూస్తాడు. బేరం, తూకం, మనుషులు ఆమె వంతు. మరిది వదినా అని పిలుస్తాడు కనక మెకానిక్కులందరికీ ఆమె వదినే అయింది. చాటున మాత్రం కాటా వదిన అంటారు. నిండిన ప్రతి సిలిండరూ కొన్నవాడి కళ్లముందు కాటా ఎక్కాలన్నది ఆమె పట్టు. అంకె పది గ్రాములు ఎక్కువ చూపిస్తే ఊరుకుంటుందిగానీ తక్కువ చూపిస్తే సిలిండరు గుమ్మం దాటనివ్వదు.

ఈ గ్యాసు గాల్లో కలిస్తే భూమి వేడెక్కుతుందనీ, అందుకని ఏడాదికింత చొప్పున తగ్గించుకుంటూ పోతామనీ ప్రభుత్వం ఉత్తరం పంపింది. ఇకమీదట ఎవరి ఇష్టం వచ్చినంత వాళ్లు తెచ్చుకోడానికి లేదు. మూడేళ్లలో ఎవరు ఎంత కొని ఎంత అమ్మారో చూసి, దాన్నిబట్టి ఒక్కో కొట్టుకి వాటా కడతారు. ఆ వాటాలోంచే కోత మొదలవుతుంది. వదిన ఉత్తరం ఒక్కసారి చదివి సంగతి పట్టేసింది. కోత అందరికీ ఒకటే. తేడా అంతా ఎక్కణ్నించి కోస్తారన్నదాంట్లో ఉంది. శుక్రవారం సాయంత్రం అయిదింటికి ఈ ఫారంలో ఏ అంకె ఉంటే, రాబోయే పదేళ్లూ కొట్టు ఆ అంకె మీదే నిలబడాలి. ఆరోజు సోమవారం.

కూడిక మళ్లీ వేశారు. కొన్నది ఇరవయ్యేడు వేల మూడువందల కిలోలు. అమ్మింది రెండువేల తొమ్మిదివందల ఇరవై ఒక్క సిలిండర్లు, అంటే ఇరవైతొమ్మిది వేల రెండువందల పది కిలోలు. పాత నిల్వలోంచి తగ్గిన నలభై ఆరు కిలోలు పోగా, తేడా మళ్లీ అదే పద్దెనిమిది వందల అరవై నాలుగు. మంగళవారం మధ్యాహ్నానికి బిల్లులన్నీ బల్ల నిండా పరుచుకున్నాయి. మరిది వేళ్లు సిరాతో నల్లబడ్డాయి. వదిన ఒక్కో బిల్లూ చదువుతుంటే అతను టిక్కు పెట్టుకుంటూ పోయాడు. ఒక్క బిల్లూ తప్పలేదు. తేడా ఒక్క కిలో కూడా కదల్లేదు.

ఆ సమయానికే సంఘం పెద్ద ఫోను చేశాడు. ఓడల మీద సరుకు దింపుకునేది అతనే. ఊళ్లో చిన్న కొట్లన్నీ అతని దగ్గరే కొంటాయి.

"ఏమ్మా, ఫారం పంపావా?"

"లెక్క తేలడం లేదు అన్నయ్యగారూ. అమ్మకం ఎక్కువొస్తోంది."

అవతల నవ్వు వినిపించింది. "అది మంచి జబ్బమ్మా! మందు నా దగ్గరుంది. రెండు టన్నులకి పాత తేదీల మీద బిల్లు రాసిస్తాను. నీ కొనుగోలు పెరుగుతుంది, నా అమ్మకం పెరుగుతుంది. ఇద్దరి వాటా పెరుగుతుంది. అందరూ చేస్తున్నదే."

వదిన వెంటనే వద్దనలేదు. ఫోను పెట్టేశాక పెన్సిలు తీసుకుని అట్టముక్క మీద లెక్క వేసింది. బిల్లు తీసుకుంటే ఏడాదికి ఆరువందల ఇరవై కిలోలు వాటాలో నిలుస్తాయి. అంటే మూడు వారాల వ్యాపారం. అదీ ఎండాకాలంలో, ఫ్యాన్లు కూడా వేడిగాలి కొట్టే మూడు వారాలు. తీసి పారేసే అంకె కాదు.

"తీసుకుందామా వదినా?" అన్నాడు మరిది.

"తీసుకోవచ్చు. కానీ నా కొట్లో రెండు టన్నులు ఎక్కడ పుట్టాయో నాకు తెలియకుండా ఎవరో ఇచ్చిన కాగితంతో కప్పేసుకుంటే, రేపు ఇంకో రెండు టన్నులు ఎక్కడ పోయాయో కూడా తెలియదు. ముందు అది తేలనీ."

బుధవారం పొద్దున్నే ఆమె షెడ్డులోకి వెళ్లి బోర్లించిన డబ్బా మీద కూచుంది. గ్యాసు నింపే మనిషిని అందరూ సబ్బన్న అంటారు. వాల్వు మీద సబ్బు నురగ పూసి, బుడగలు లేస్తే కారుతున్నట్టు, లేవకపోతే బాగున్నట్టు చూస్తాడు. చేతికి ఎప్పుడూ నురగ ఉంటుంది. ఆమె వచ్చి కూచోవడం చూసి గొట్టం బిగిస్తున్నవాడల్లా ఆగాడు.

"ఏమైనా తేడా వచ్చిందామ్మా?"

"నీ పని నువ్వు చెయ్యన్నా. నన్ను లేననుకో."

"మీరు లేరనుకోడం అయ్యే పనేనా?" అని నవ్వి అతను పనిలో పడ్డాడు.

ఖాళీ సిలిండరు ఎత్తి కాటా మీద పెట్టాడు. మెడ మీద చెక్కిన ఖాళీ బరువు చదివాడు, ఆరు కిలోల రెండువందలు. దానికి పది కలుపుకున్నాడు. గొట్టం తగిలించి, డ్రమ్ము వాల్వు తిప్పాడు. లోపల సుయ్యిమని చప్పుడు. అంకెలు పరిగెత్తాయి. పదహారు రెండువందల దగ్గర కట్టేశాడు. నురగ పూశాడు. బుడగ లేదు. సీలు వేసి పక్కన పెట్టాడు. రెండోది ఎత్తాడు.

వదిన మూడు సిలిండర్లు నిండేదాకా ఊరికే చూసింది. చేతిలో తప్పు లేదు. కాటాలో తప్పు లేదు. నాలుగోది కాటా ఎక్కగానే ఆమె లేచి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగన్నా. గొట్టం తగిలించకు. ఇప్పుడెంత చూపిస్తోంది?"

సబ్బన్న వంగి చూశాడు. "ఆరు తొమ్మిదివందలు."

"మెడ మీద?"

"ఆరు రెండువందలు."

"మరి ఏడువందల గ్రాములు ఎక్కడివి?"

అతను నురగ చేత్తోనే తల గోక్కున్నాడు. "అడుగున ఉంటదమ్మా. పైపుల్లోకి ఎక్కినంత ఎక్కుతుంది, చివరిది ఎక్కదు. ఏ సిలిండరైనా అంతే. ఖాళీ అంటే మరీ ఖాళీ కాదు."

"ఇన్నాళ్లూ తూకం వెయ్యలేదేం?"

"ఖాళీదాన్ని తూకం వేసేదేముంది? నిండాక సరిపోయిందా లేదా అని కదా మీరు చూడమన్నది!"

ఆ పద్ధతి పెట్టింది ఆమే. నిండాక తూచమంది, నిండకముందు తూచమనలేదు. అడుగున ఏడువందలు ఉంటే పైన నింపేది తొమ్మిది కిలోల మూడువందలే. కాటా పది చూపిస్తుంది, కొన్నవాడు కళ్లారా చూస్తాడు, బిల్లు పదికి వస్తుంది. ఆ ఏడువందలూ ఆ ఖాళీ సిలిండరు తెచ్చినవాడు అంతకుముందే కొన్న సరుకు. దాన్నే మళ్లీ అమ్మింది.

వరసలో ఉన్న ఖాళీలన్నీ కాటా ఎక్కించింది. పదమూడు. తక్కువది నాలుగువందలు, ఎక్కువది తొమ్మిదివందలు. సగటు ఆరువందల నలభై గ్రాములు. దాన్ని రెండువేల తొమ్మిదివందల ఇరవై ఒకటితో హెచ్చవేసింది. పద్దెనిమిది వందల అరవై తొమ్మిది కిలోలు. మూడేళ్లలో తేడాకీ దీనికీ మధ్య ఐదు కిలోలు.

ఆఫీసు గదిలోకి వచ్చి అట్టముక్క మరిది ముందు పెట్టింది. అతను చూసి, కుర్చీ వెనక్కి జరిపాడు.

"అయితే మనం ఎవర్నీ మోసం చెయ్యలేదు కదా? కావాలని చెయ్యలేదు."

"కావాలని చేసుంటే లెక్క ముందే కలిపేసుకునేదాన్ని. తెలియకే చేశాం. సరుకు మాత్రం వాళ్లది."

గురువారం ఆమె ఫారం తాలూకు ఆఫీసుకి వెళ్లింది. మూడో అంతస్తు, పొడుగాటి వరండా, గోడవార దొంతులు పెట్టిన దస్త్రాలు. లెక్కలు చూసే అధికారిణి చిన్నది, ముప్పై దాటి ఉండదు. టీ కప్పు మీద నోట్‌బుక్కు మూతగా పెట్టుకుని మాట్లాడుతోంది.

"ఐదో గడి ఎవరి కోసం పెట్టారమ్మా?" అంది వదిన.

"తిరిగొచ్చిన గ్యాసు కోసమండి. అమ్మాక మళ్లీ మీ దగ్గరికి చేరినది. మీది కూడా సున్నాయేగా?"

"ఇప్పటిదాకా ఎంతమంది పంపారు?"

"నలభై రెండు కొట్లు."

"అందులో ఐదో గడి?"

"అందరూ సున్నా."

వదిన కుర్చీ అంచుకి జరిగింది. "అమ్మాయ్, నువ్వెప్పుడైనా ఖాళీ సిలిండరు ఎత్తి చూశావా?"

"లేదండి. కాగితాల మీద చూడ్డమే."

"ఒకసారి ఎత్తి చూడు. సున్నా ఎలా వస్తుందో నాకు చెబుదువుగాని."

అధికారిణి నోట్‌బుక్కు తీసి టీ తాగి, ఆమె వంక తేరిపార చూసింది. వదిన తన ప్రశ్న మార్చింది. "ఐదో గడిలో అంకె వేస్తే వాటా తగ్గుతుందా?"

"తగ్గుతుంది. కొత్తగా తెచ్చి అమ్మినదానికే వాటా. తిరిగొచ్చింది అమ్మకంలోంచి తీసేస్తాం."

"తప్పుడు అంకె వేస్తే?"

"మెకానిక్కు కంపెనీల దగ్గర్నించి కూడా బిల్లులు తెప్పిస్తున్నామండి. ఒకదానికొకటి పెట్టి చూస్తాం. ఎప్పుడు దొరుకుతారో చెప్పలేను, దొరక్కపోవచ్చు కూడా. కానీ ఎవరు ఏ గడిలో ఏం రాశారో వచ్చేనెల అందరికీ కనపడేలా పెడతాం. ఫోనులో ఎవరైనా చూసుకోవచ్చు."

మెట్లు దిగుతూ వదిన లెక్క వేసుకుంది. ఐదో గడి నింపితే ఏడాదికి ఆరువందల ఇరవై కిలోలు పోతాయి. అది ఖాయం. నింపకుండా సంఘం పెద్ద కాగితం పెడితే అవి నిలుస్తాయి, కానీ కొట్టు మెడ పదేళ్లూ ఇంకొకరి చేతిలో ఉంటుంది. అతను ఎప్పుడు ఏ ధర చెబితే అది ఇవ్వాలి, ఎందుకంటే ఆ బిల్లు ఉత్తదని తెలిసింది అతనొక్కడికే. మూడు వారాల వ్యాపారానికి అది ఎక్కువ ధర. అంతకంటే ఎక్కువ ధర ఇంకోటుంది. ఐదో గడి నింపితే వచ్చేనెల ప్రతి మెకానిక్కూ ఆ అంకె చూసి, అడుగున మిగిలింది ఎవరిదని అడుగుతాడు. ఆఖరి మెట్టు దగ్గర ఆగి, ఆ ప్రశ్న వాళ్లు అడిగేలోపు తనే జవాబు చెప్పాలనుకుంది. తనే ముందు చెబితే సగానికి బేరం తెగుతుంది. పట్టుబడి చెబితే మొత్తం ఇచ్చినా తెగదు.

శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటాక సంఘం పెద్ద స్వయంగా వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"ఐదో గడి గురించి ఆఫీసులో ఆరా తీశావటగా?"

"కూచోండి అన్నయ్యగారూ. మంచినీళ్లు తాగండి."

"నీళ్లకి రాలేదమ్మా. నువ్వొక్కదానివి అంకె వేస్తే మిగతా నలభై రెండు మందినీ మీ సున్నాలు ఎలా వచ్చాయని పిలుస్తారు. అందర్నీ బజార్లో నిలబెట్టి నువ్వు బాగుపడేదేముంది?"

"నేను బాగుపడ్డం లేదు. నాకు ఆరువందల కిలోలు పోతున్నాయి."

"మరింకెందుకు ఈ పంతం?"

"పంతం కాదు. నా సరుకెంతో నాకు తెలియాలి. అంతే."

అతని గొంతు మెత్తబడింది. అది ఆమెకి బాగా తెలిసిన మెత్తదనం, ధర పెంచేముందు వచ్చేది. "వచ్చే ఎండాకాలం సరుక్కి నా గుమ్మానికే రావాలి కదమ్మా. అప్పుడు నాకు గుర్తుండదంటావా?"

వదిన మంచినీళ్ల గ్లాసు అతని చేతికిచ్చి, అతను పట్టుకున్నాకే మాట్లాడింది. "తప్పకుండా వస్తాను. మీరు అమ్మే ప్రతి పన్నెండు డ్రమ్ముల్లో ఒకటి నాది. అది ఇంకొకరికి అమ్ముదురుగాని. కాకపోతే వాళ్లకీ వాటా కోసేస్తారు, వాళ్లు ఎక్కువ కొనలేరు. మీ డ్రమ్ము గోడౌన్లో కూచుంటే మీ వాటా కూడా కరుగుతుంది. నన్ను వదులుకుంటే మీకే నష్టం అన్నయ్యగారూ. లెక్క వేసుకోండి."

అతను లెక్క వేసుకున్నాడు. అది ముఖంలో కనిపించింది. గ్లాసు ఖాళీ చేసి కిటికీ దిమ్మ మీద పెట్టాడు. "నీ నోటికి జడిసే మీ ఆయన వ్యానెక్కి ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాడు" అన్నాడు.

"తిరిగితేనే కదా మీ డ్రమ్ము ఖాళీ అయ్యేది!"

అతను వెళ్లాక నాలుగున్నరకి మరిది ఐదో గడిలో పద్దెనిమిది వందల అరవై నాలుగు కొట్టాడు. ఎర్ర వరస మాయమైంది. పంపనా అన్నట్టు తలెత్తాడు. వదిన తనే వంగి నొక్కింది.

శనివారం కొట్టు తెరిచేసరికి మంచు బాబాయి గుమ్మంలో ఉన్నాడు. ఊళ్లో మెకానిక్కులందరిలోకీ పెద్దవాడు. సగం మంది అతని దగ్గరే పని నేర్చుకున్నారు. అతను ఒప్పుకుంటే అందరూ ఒప్పుకుంటారు. అందుకే వదిన రాత్రే కబురు పెట్టింది. అతని వెనక ఖాళీ సిలిండర్లతో పదిమంది దాకా వరస కట్టారు. శనివారం ఎప్పుడూ ఉండే రద్దీయే.

వదిన ఉన్నదున్నట్టు చెప్పింది. గొంతు తగ్గించలేదు, వరసలో వాళ్లకి కూడా వినపడనిచ్చింది. ఇవాళ్టి నుంచి ఖాళీ సిలిండరు కూడా కాటా ఎక్కుతుంది. అడుగున ఎంత ఉంటే అంత కొత్త బిల్లులోంచి తీసేస్తారు. ఇక మూడేళ్లది.

"నీ బిల్లులు తీశాను బాబాయ్. నూట ముప్పై ఒక్క సిలిండర్లు. సిలిండరుకి ఆరువందల నలభై చొప్పున ఎనభై నాలుగు కిలోలు. తప్పు నాదే. కానీ వాటా పోయింది నాకు, సరుకు దొరక్కపోయేది నాకు. నలభై రెండు కిలోలు ఇవాళే ఇస్తాను. నాలుగు సిలిండర్లు, పైన రెండు కిలోలు. పట్టుకెళ్లు. ఇక్కడితో చెల్లు."

ఆమె బేరం సిద్ధం చేసుకుంది. అతను కోప్పడితే యాభై, గట్టిగా అరిస్తే అరవై.

మంచు బాబాయి అరవలేదు. తను తెచ్చిన ఖాళీ సిలిండరు చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపాడు. లోపల పల్చగా చప్పుడైంది.

"మూడేళ్లుగా వింటున్నానమ్మాయ్ ఈ చప్పుడు."

"తెలుసా నీకు? మరి అడగలేదేం?"

"కాటా అంటే నీకు ప్రాణం కదా. తప్పంటే నొచ్చుకుంటావని ఊరుకున్నాను. నా శిష్యులు ఊరుకోలేదు." అతను వరస వైపు గడ్డంతో చూపించాడు. "మొయ్యడం దండగని దార్లో వాల్వు తిప్పి గాల్లోకి వదిలేస్తారు. ఎలాగూ లెక్కలోకి రాదుగా అని."

వరసలో ఒకడు బూటుతో నేల మీద గీతలు గీస్తూ తల దించుకున్నాడు. అట్టముక్క మీద వేసిన సగటులో గాల్లోకి పోయింది లేదు. దాని లెక్క ఏ గడిలోనూ లేదు. ఎప్పటికీ తేలదు.

"అయితే ఎనభై నాలుగూ ఇస్తాను" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మొత్తం. ఎత్తించనా?"

"ఇప్పుడొద్దు."

"మరి?"

"ఇప్పుడు అన్ని కొట్లలో దొరుకుతోంది, నాకేం తొందర? కోత మొదలైతే మూడో ఎండాకాలానికి ఈ గ్యాసు కోసం కొట్టుకుంటారు. అప్పుడిద్దువుగాని. కిలోకి కిలో. ధరతో నీకూ పని లేదు, నాకూ పని లేదు."

వదిన అతని వంక చూసింది. ఇవాళ చవకలో తేలిపోవాల్సినది మూడేళ్ల తర్వాత ఎంత అవుతుందో లెక్క వెయ్యబోయి మధ్యలోనే ఆపేసింది. ఇన్నేళ్లలో ఆమెని ఇంత నెమ్మదిగా, ఇంత గట్టిగా బేరంలో కూచోబెట్టినవాడు ఇంకొకడు లేడు.

"బాబాయ్, నువ్వు మెకానిక్కు అవ్వాల్సింది కాదు."

"అవ్వకపోతే నువ్వు ఎవరికి అమ్ముదువు?"

వెనక నుంచి ఒకడు అందుకున్నాడు. "నాది కూడా అప్పుడే వదినా!" ఇంకొకడు, "నాదీ!" మూడోవాడు తన సిలిండరు ఊపి చూసుకుంటున్నాడు. నాలుగోవాడు, "నా బిల్లులు ఎన్నో చూడు వదినా, నేను బాబాయికంటే ఎక్కువే కొన్నాను" అన్నాడు. నవ్వులు పుట్టాయి.

మరిది బల్ల వెనక నుంచి లేచి ఆమె చెవి దగ్గరికి వంగాడు. "అందరిదీ కలిస్తే పద్దెనిమిది వందల కిలోలు వదినా. సరుకు కరువైన ఏడాది. తగ్గిన వాటాలోంచి. ఇస్తే మనకేం మిగులుతుంది?"

వదిన వరస చివరిదాకా చూసింది. ఒక్కడూ కదల్లేదు. మూడేళ్లదాకా కదలరు కూడా.

"వీళ్లు" అంది. "సబ్బన్నా, బాబాయి సిలిండరు కాటా ఎక్కించు. ఖాళీదే."